సున్న కాదు, ఖమ్సా

పులివెందుల నుంచి వచ్చిన ప్రత్యూష అంగట్లో అడుగు పెడుతూనే సంచిలోంచి చిన్న తెల్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "అక్కా, దీంట్లో దయ్యముండాది. మాకొద్దు. నువ్వే పెట్టుకో" అంది.

సుధారాణికి నవ్వొచ్చింది. ప్రత్యూష బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ, దయ్యాలకు జడిసే మనిషి కాదు. ముక్కుపుడక రాయి ఊడిపోతే బిగించుకుందామని ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకు వచ్చి, పనిలో పనిగా ఆ వెనక సందులో ఉన్న సుధారాణి రిపేరు అంగడికీ వచ్చింది.

"ఏం జేస్తాందమ్మా నీ దయ్యం?"

"నవ్వొద్దక్కా. కరెంటు పోయి మళ్ళా వస్తాది గదా, అప్పుడు వరండాలో లైటు దానంతట అదే వెలుగుతాంది. రెండు మూడు నిమిషాలుంటాది. మళ్ళా అదే ఆరిపోతాది. ఫోన్లో చూస్తే ఆఫ్ అనే ఉంటాది. మా అత్త గుమ్మానికి నిమ్మకాయలు కట్టి కూర్చుండాది."

సుధారాణి నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది. "కరెంటొచ్చినప్పుడు మాత్రమేనా?" అని మళ్ళీ అడిగింది. ఔనంది ప్రత్యూష.

ఈ తెల్ల డబ్బాల సంగతి కొంచెం చెప్పుకోవాలి. గోడలో స్విచ్‌బోర్డు వెనక వీటిని పెడితే ఫోన్లోంచే లైటో ఫ్యానో మోటరో వేసుకోవచ్చు. తయారుచేసిన కంపెనీ ఏదో చేతులెత్తేసింది. దాని సర్వరు మూతపడేసరికి డబ్బాలన్నీ ఉత్త ప్లాస్టిక్ ముక్కలయ్యాయి. సుధారాణి వాటిని మూటలు మూటలుగా తెప్పించి, లోపలి పాత ప్రోగ్రాము చెరిపేసి తన ప్రోగ్రాము ఎక్కించడం మొదలుపెట్టింది. ఇక ఏ కంపెనీతోనూ పనిలేదు, ఇంట్లో వైఫై ఉంటే చాలు. పదో తరగతితో చదువు ఆపేసిన ఆడమనిషి ఇంత పని చేస్తుందా అని ముక్కున వేలేసుకున్నవాళ్ళే తర్వాత వరస కట్టి పెట్టించుకున్నారు. నలుగురు పట్టని ఆ అంగడి పేరు ఇటు జమ్మలమడుగు, అటు పులివెందుల దాకా పోయింది. ఆమె మొగుడు నారాయణ అయితే ఎక్కడ కూర్చున్నా అదే పాట. "మా ఆయమ్మ పెట్టిన స్విచ్చు ఆఫ్ అంటే ఆఫే" అనేవాడు.

చిక్కల్లా ఒకటే. పైకి ఆ డబ్బాలన్నీ ఒకటే తెలుపు, ఒకటే అచ్చు, ఒకటే మోడలు నంబరు. లోపల మాత్రం కంపెనీవాళ్ళు ఎవరికీ చెప్పాపెట్టకుండా బోర్డు మార్చేశారు. మొదట చేసింది 1.0, తర్వాత చేసింది 1.5. ఆ నంబరు బోర్డు మూలన చీమ తలకాయంత అక్షరాలతో ఉంటుంది, మూత ఊడదీస్తే గానీ కనబడదు. దేని ప్రోగ్రాము దానికే ఎక్కించాలి. 1.0 ప్రోగ్రామును పొరపాటున 1.5కి ఎక్కించినా అది పనిచేస్తుంది. అసలు ప్రమాదం అదే. పనిచెయ్యకపోతే పక్కన పారేస్తాం, పీడా పోతుంది. ఇది పనిచేస్తూనే, కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం వైఫై దొరికేదాకా తనంతట తాను ఆన్‌లో ఉండిపోతుంది. ఫోనుకు ఆ సంగతి తెలియదు, ఆఫ్ అనే చూపిస్తుంది. అంగట్లో బల్ల మీద వైఫై పక్కనే ఉంటుంది కాబట్టి రెప్పపాటులో సర్దుకుంటుంది, ఎవరి కంటికీ ఆనదు.

అందుకే పని పంచుకున్నారు. నయీం మూతలు తీసి, బోర్డు చూసి, మూత బిగించి పైన మార్కరుతో నంబరు రాస్తాడు. సుధారాణి ఆ నంబరు చూసి ప్రోగ్రాము ఎక్కిస్తుంది. నయీం తొమ్మిదేళ్ళు కువైట్‌లో రిపేరు షాపులో పనిచేసి, రెండు నెలల కిందటే ఊరికొచ్చి ఈమె దగ్గర చేరాడు. వంక పెట్టడానికి లేని పనివాడు.

సుధారాణి ప్రత్యూష తెచ్చిన డబ్బాను తిప్పి చూసింది. మార్కరు గుర్తు ఉంది. నిలువు గీత, చుక్క, పక్కన చిన్న సున్న. 1.0. ఆమె ఎక్కించిందీ 1.0 ప్రోగ్రామే. మరి దయ్యమెక్కడిది? సన్న స్క్రూడ్రైవరుతో మూత లేపింది, భూతద్దం పెట్టింది.

బోర్డు మూలన 1.5 అని ఉంది.

"నయీం! ఈడికి రా. ఏందిది? లోపల 1.5 ఉంటే పైన 1.0 అని రాసిపెట్టినావే!"

నయీం వచ్చి డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "లేదే. 1.5 అనే రాసినానక్కా."

"కండ్లు కనపడటం లేదా నీకు? ఇది సున్న గాదా?"

నయీం ఆ గుర్తు వైపు చూసి, సుధారాణి మొహం చూసి, మళ్ళీ గుర్తు వైపు చూశాడు. "అక్కా... ఇది సున్న కాదు. ఖమ్సా."

"ఖమ్సా ఏందిరా?"

"అయిదు. అరబ్బీలో అయిదును ఇట్లనే గుండ్రంగా రాస్తారు. ఒకటి మన ఒకటి లెక్కనే ఉంటాది. సున్నకు ఉత్త చుక్క పెడతారు."

తొమ్మిదేళ్ళు ఆ అంకెలే రాసిన చెయ్యి అది. ఇక్కడికొచ్చాక మన అంకెలే రాస్తున్నాడు, ఎన్నడూ తప్పింది లేదు. కానీ ఈ మూట చూసిన శుక్రవారం జుమా నమాజుకు వేళ మించిపోతుంటే, కువైట్ నుంచి పాత యజమాని ఫోన్ చేశాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని అరబ్బీలో మాట్లాడుతూ మూటలో చివరి డబ్బాలు చూసేశాడు. నోరు ఏ భాషలో ఉందో చెయ్యీ ఆ భాషలోకే పోయింది. అంకె ఎవరికోసం రాస్తున్నాడో మర్చిపోయాడు, అంతే.

"ఎన్నింటికి రాసినావు ఇట్ల?"

"రెండిటికే అక్కా. ఆ మూటలో 1.5లు రెండే ఉన్న్యాయి."

రెండు. ఒకటి ఇదిగో బల్ల మీదుంది. రెండోది ఎక్కడ? సుధారాణికి పుస్తకం తిప్పాల్సిన పని లేకపోయింది. ఆ మూట చివర్న మిగిలినవి రెండే. పులివెందుల పోయింది ఒకటి, జమ్మలమడుగు పోయింది ఒకటి. జమ్మలమడుగులో దిల్షాద్‌బీ ఇల్లు. మోకాళ్ళ నొప్పుల ముసలామె మోటరు కోసం పెరట్లోకి తిరగలేకపోతోందని కొడుకు కువైట్ నుంచి చెప్పి పెట్టించాడు. పెట్టింది లైటుకు కాదు. సంపులో ఉన్న నీళ్ళ మోటరుకు.

ఇవ్వాళ మంగళవారం. లైను పనుల కోసం జమ్మలమడుగులో తొమ్మిది నుంచి రెండింటి దాకా కరెంటు తీస్తామని నిన్ననే చెప్పారు. మోటరు తిరగని పూటే సంపు కడిగించుకుందామని దిల్షాద్‌బీ ప్లంబరును పిలిపించింది.

ఆ ప్లంబరు నారాయణ. పొద్దున ఏడింటికే సద్ది మూట కట్టుకుని బండి మీద పోయాడు.

సుధారాణి తలెత్తి చూసింది. గోడ గడియారం పన్నెండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆ సంపు ఆమె చూసిందే. నిలువెత్తు లోతు, ఒక మనిషి వంగి తిరగగలిగినంత చోటు. మోటరు తీగకు నీళ్ళలో మునిగే చోట టేపు చుట్టిన అతుకొకటుంది. పోయినేడు నారాయణే వేసిన అతుకు. ఇప్పుడు ఆయన ఆ నీళ్ళలోనే కాళ్ళు పెట్టి, ఆ మోటరునే పక్కకు జరుపుతూ ఉంటాడు. మెయిన్ దించి ఉంటాడా? ఎందుకు దించుతాడు! ఊరికే కరెంటు లేదు. పైగా ఫోన్లో ఆఫ్ అని ఉంది. మా ఆయమ్మ పెట్టిన స్విచ్చు.

వెంటనే దిల్షాద్‌బీకి ఫోన్ కలిపింది. రెండు రింగులకే ముసలామె ఎత్తింది.

"అమ్మా, నేను సుధారాణిని. ఆయన యాడుండాడు?"

"సంపులోనే ఉండాడు బేటీ. మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడి గోడలు రుద్దుతాండాడు. మైలవరం డ్యాము నీళ్ళు గదా, అడుగంతా బురదే. ఏమన్నా చెప్పల్నా?"

చెప్పాల్సింది అక్కడే. నా స్విచ్చు తప్పు, మెయిన్ దించండి. ఇంతే మాట. నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ పక్కన ప్రత్యూష చెవులు రిక్కించి నిలబడి ఉంది. అవతల దిల్షాద్‌బీ. ఆమె మాట మీద ఆ వీధిలో ఆరిళ్ళవాళ్ళు ఈ స్విచ్చులే పెట్టించుకున్నారు. ఆమెకు తెలిస్తే సాయంత్రానికి జమ్మలమడుగంతా తెలుస్తుంది. చదువురాని ఆడదాని చేత కరెంటు పని చేయించుకుంటే ఇంతే అంటారు. పదేళ్ళుగా ఎప్పుడు ఈ మాట అందామా అని కాచుకుని ఉన్నవాళ్ళున్నారు.

"ఏం లేదమ్మా" అంది సుధారాణి. "కొంచెం పైకొచ్చి నాకు ఫోన్ చెయ్యమను. పనుండాది."

"చేతుల నిండా బురద బేటీ, ఒక అరగంట ఆగి చేస్తాడులే."

"కాదమ్మా, ఇప్పుడే... అమ్మా? అమ్మా!"

ఫోన్ తెగిపోయింది. మళ్ళీ కలిపితే అందుబాటులో లేదంది. కరెంటు లేక టవరు కూడా పడుకున్నట్టుంది. నారాయణ నంబరూ అంతే. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే మాట, అదే ఆడగొంతు, ఎంతో మర్యాదగా.

అప్పుడు తెలిసింది ఆమెకు, తానేం చేసిందో. ఛీ, ఏం మనుషులమో! ప్రాణం మీదికొచ్చినా సరే, పరువే ముందుకొచ్చి నిలబడుతుంది. సుధారాణి నోట్లో కొంగు కుక్కుకుంది.

"అక్కా, ఏమయింది?" అని ప్రత్యూష భుజం పట్టుకుంది. విషయం నయీమే చెప్పాడు, సగం సగం మాటలతో. ప్రత్యూష ఇంకేమీ అడగలేదు. "పోండి, పోండి. అంగడి నేను చూసుకుంటా. ఆయమ్మ నంబరు ఇచ్చిపో, నేను కొడతానే ఉంటా" అని ఇద్దరినీ బయటికి తోసింది.

నయీం బండి తోలుతున్నాడు, సుధారాణి వెనక కూర్చుంది. జమ్మలమడుగు రోడ్డు మీద ఎండ మొహాన కొడుతోంది. ఒక చేత్తో సీటు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ నొక్కుతూనే ఉంది. నారాయణకు ఒకసారి, దిల్షాద్‌బీకి ఒకసారి. రెండింటిదాకా ఇవ్వరులే అని తనకు తాను చెప్పుకుంది. వెంటనే ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. రెండింటిదాకా అంటారు గానీ పని అయిపోతే ముందే ఇచ్చేస్తారు. ముందు ఇస్తే జనం సంతోషపడతారు కూడా.

"నాదే తప్పక్కా" అన్నాడు నయీం గాలిలో అరుస్తూ.

"తప్పెవురిదో తర్వాత చూద్దాం. ముందు తోలు."

"గట్టిగా పట్టుకో అయితే."

ఎదురుగా లారీ వస్తున్నా లెక్కచెయ్యకుండా ట్రాక్టరును దాటేశాడు. ఇంకో రోజైతే సుధారాణి వీపు మీద ఒకటి అంటించి ఉండేది. ఇవ్వాళ ఇంకా తోలు, ఇంకా తోలు అంటోంది. కళ్ళ ముందు సంపు మూత, నిచ్చెన, బురదనీళ్ళలో నాని తెల్లబడ్డ కాళ్ళు. నారాయణ పనిచేసేటప్పుడు పాటలు పాడతాడు, ఒక్కటీ పూర్తిగా రాదు. ఈ క్షణాన ఏదో పాట అందుకునే ఉంటాడు. దేవుడా, ఆ పాట మధ్యలో ఆగకుండా చూడు.

సగం దారి దాటాక రోడ్డు పక్క చేనులో బోరు పైపు నుంచి నీళ్ళు దుముకుతూ కనిపించాయి. సుధారాణి నయీం భుజం పట్టి కుదిపింది. ఇక్కడ కరెంటు వచ్చేసింది! "ఇది పల్లె లైనక్కా, టౌనుది వేరే" అన్నాడు నయీం. గొంతు చూస్తే ఆ మాట మీద వాడికే నమ్మకం ఉన్నట్టు లేదు.

ఊరు పొలిమేరలో లైనుమ్యాన్లు కనబడ్డారు. ఒకడు స్తంభం మీదనుంచి కిందికి దిగుతున్నాడు. కింద ఇద్దరు తాడు చుట్టి, నిచ్చెన ఆటో మీదికి ఎక్కిస్తున్నారు. బండి ఆగీ ఆగకముందే సుధారాణి దూకేసింది.

"అన్నా! కరెంటు ఇయ్యొద్దు! ఒక్క పది నిమిషాలాపన్నా, నీ కాళ్ళకు మొక్కుతా!"

"ఏందమ్మా? ఏమయింది?"

"మా ఆయన సంపులో ఉండాడు. మోటరుండాది ఆడ. కరెంటొస్తే..."

వాళ్ళలో పెద్దవాడు గబగబా జేబులోంచి ఫోన్ తీశాడు. "మాకాడేముందమ్మా! పని అయిపోయిందని సబ్‌స్టేషనుకు చెప్పేసినాం. ఇంగ ఆడినుంచే ఇస్తారు." చెవిలో పెట్టుకుని విన్నాడు, మొహం చిట్లించాడు. మళ్ళీ కొట్టాడు. "ఎంగేజి వస్తాంది. మీరు పోండమ్మా, నిలబడొద్దు. నేను కొడతానే ఉంటా. మీరు పోండి!"

ఇంకో రెండు కిలోమీటర్లు. ఆ రెండు కిలోమీటర్లు సుధారాణి ఏ దేవుడికి ఏం మొక్కిందో ఆమెకే తెలియదు. పెన్న ఒడ్డున ఉన్న దేవుళ్ళందరికీ మొక్కింది, దర్గాకు కూడా మొక్కింది. సందు మలుపులో మేకలు అడ్డం వచ్చాయి. నయీం కాలితో తోస్తూ, హారన్ కొడుతూ బండిని వాటి మధ్యనుంచి నెట్టాడు.

దిల్షాద్‌బీ వీధిలోకి తిరిగారో లేదో, ఎవరి ఇంట్లోనో టీవీ ఒక్కసారిగా గట్టిగా అరిచింది. మిక్సీ ఒకటి గుర్రుమంది. అరుగు మీద ఆడుకుంటున్న పిల్లలు ఎగిరి గంతేశారు.

"కరెంటొచ్చె! కరెంటొచ్చె!"

సుధారాణి కదులుతున్న బండి మీదనుంచి దిగి పరిగెత్తింది. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. గేటు తోసుకుని, ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి పోయింది. సంపు మూత తీసి ఉంది. నిచ్చెన లోపలికి దించి ఉంది. గోడ మీద నారాయణ చొక్కా, సంపు అంచున ఆయన చెప్పులు. లోపల మోటరు బుయ్యిమని తిరుగుతోంది.

"నారాయణా!"

పెళ్ళయి పదమూడేళ్ళయింది. ఏమప్పా అనడమే గానీ, మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది లేదు.

"నారాయణా! ఓ నారాయణా!"

లోపలినుంచి పలుకు లేదు. బోర్లా పడుకుని తల లోపలికి పెట్టింది. బ్లీచింగు వాసన గుప్పుమంది. చీకట్లో నల్లటి నీళ్ళు వణుకుతున్నాయి. ఒక మూల ఏదో నల్లగా, ముద్దలా కనిపించింది. మనిషా? బురదా? బకెట్టా? చెయ్యి చాచింది. అందలేదు. ఇంకా కిందికి జారింది. వేళ్ళు నీళ్ళకు బెత్తెడు దూరంలో ఉండగా ఎవరో నడుము పట్టుకుని వెనక్కి ఈడ్చారు.

"నీళ్ళు ముట్టొద్దక్కా! చస్తావు!" అని నయీం ఏడుస్తున్నాడు.

"ఇడువు నన్ను! ఇడువురా!" పెరట్లోకి ఇరుగుపొరుగు వచ్చేశారు. ఆడవాళ్ళు గోడ మీదనుంచి తొంగి చూస్తున్నారు. సుధారాణి ఎవరినీ చూడలేదు. గొంతు చిరిగిపోయేలా అరిచింది. "మెయిన్ దించండి! ఆ స్విచ్చు నాది! నేనే తప్పుగా పెట్టినా! నాకు తెలుసు, తెలిసి గూడా చెప్పలేదు! మెయిన్ దించండయ్యా ఎవురన్నా!"

నయీం ఆమెను ఎవరి చేతికో అప్పగించి వరండాలోకి ఉరికాడు. ఖట్టుమని చప్పుడైంది. మోటరు ఆగిపోయింది.

"ఏమే! ఎందుకట్ల అరుస్తాండావు?"

గొంతు పైనుంచి వచ్చింది. మిద్దె పిట్టగోడ మీద చేతులాన్చి నారాయణ కిందికి చూస్తున్నాడు. మోకాళ్ళదాకా బురద, చేతిలో ఫోను. "మిద్దె ఆ చివర నిలబడి నీకే కొడతాండా ఇంతసేపటినుంచి. ఈడ గూడా సిగ్నలు రాల్యా" అన్నాడు.

సుధారాణి ఉన్నచోటనే కూలబడింది. ఏడుపు రాలేదు. నోరు తెరిస్తే గాలి మాత్రం వచ్చింది. చాలాసేపటికి వచ్చింది ఏడుపు, వచ్చాక ఆగలేదు. దిల్షాద్‌బీ కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"నీ గొంతు నాకు బాగనిపియ్యలే బేటీ. ఏం లేదు ఏం లేదు అంటివి. ఏం లేనిదానికి మనిషి గొంతు అట్లుంటాదా? వీడేమో పని అయినాక చేస్తాలే అని మొండికేసె. నేను ఊరుకుంటినా? నిచ్చెన మీద కర్రతో కొట్టి కొట్టి పైకి లేపితి. సిగ్నలు లేదంటే మిద్దెక్కించితి. అరె అల్లా, ఎంత పని జరుగుతుండె!"

నారాయణ మెట్లు దిగి వచ్చాడు. ఏం జరిగిందో నయీం చెప్పాడు. అయిదు సంగతి, సున్న సంగతి, పులివెందుల లైటు సంగతి. నారాయణ మొదట నవ్వబోయాడు. తర్వాత సంపు అంచుకు పోయి లోపలికి చూశాడు. ఆ మూలనున్న నల్లముద్ద ఆయన బురద తోడే గోనెపట్ట. దాని పక్కనే మోటరు, దాని పక్కనే ఆ అతుకు. ఇందాక తాను కాళ్ళు పెట్టి నిలబడిన చోటు. చూస్తూ చూస్తూ సంపు గట్టు మీద కూర్చుండిపోయాడు.

వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. దిల్షాద్‌బీ టీ పెట్టించడానికి లోపలికి పోయింది. అప్పుడు అడిగాడు నారాయణ, సంపు వైపే చూస్తూ.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పన్నెండు కాకముందే."

"ఆయమ్మకు ఫోన్ చేసింది తెలిసినాకనా, తెలియకముందా?"

"తెలిసినాకనే."

"మరి చెప్పలేదేం?"

ఫోన్ తెగిపోయిందని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు. సుధారాణి ఆ మాటను నోటిదాకా తెచ్చుకుని మింగేసింది.

"అంగడి పేరు పోతాదని" అంది.

నారాయణ కోప్పడలేదు. రెండు తిట్టినా, చెంప మీద ఒకటి కొట్టినా ఆమెకు హాయిగా ఉండేది. ఆయన తల ఊపాడు, అంతే. టీ వస్తే తాగాడు. గ్లాసు కడిగి గట్టు మీద బోర్లించాడు. సంపు సగం కడిగి ఉంది, సాయంత్రానికి నీళ్ళు వదలకపోతే ముసలామెకు ఇబ్బంది. లేచి నిక్కరు పైకి లాక్కున్నాడు.

"మెయిన్ దించే ఉండాది" అంది సుధారాణి తొందరగా. "నేను మళ్ళా చూసొచ్చినా. నువ్వు దిగప్పా."

పదమూడేళ్ళలో ఆమె సరే అంటే ఆయన తీగ ముట్టుకున్నాడు, దిగమంటే దిగాడు. ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. ఇవ్వాళ ఆమె పక్కనుంచి నడిచిపోయి వరండాలో మెయిన్ ముందు నిలబడ్డాడు. కిందికి దించి ఉన్నదాన్ని మళ్ళీ చేత్తో నొక్కి చూశాడు. ఫ్యూజులు రెండూ పీకి నిక్కరు జేబులో వేసుకున్నాడు. సంచిలోంచి టెస్టరు తెచ్చి మోటరు తీగకు ఒకసారి పెట్టాడు. మళ్ళీ ఒకసారి పెట్టాడు.

"నయీం, నువ్వీడ నిలబడు. నేను పైకొచ్చేదాకా దీన్ని ఎవురినీ ముట్టుకోనియ్యొద్దు."

"నేనుంటా ఈడ" అంది సుధారాణి.

"వద్దులే" అన్నాడు నారాయణ. ఆమె మొహం చూడకుండానే నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టూ లోపలికి దిగాడు. సుధారాణి వరండా దిగి, మెయిన్‌కు దూరంగా పోయి పెరట్లో ఎండలో నిలబడింది.